పోటా, పాటా?

ఫిజిక్సులో పదకొండో ప్రశ్న.
నది వెడల్పు ఇచ్చాడు, నీటి వడి ఇచ్చాడు,
నిలకడ నీళ్లలో పడవ వేగమూ ఇచ్చాడు.
సూటిగా ఆవలి ఒడ్డు చేరాలంటే
పడవ ముక్కు ఏ కోణంలో తిప్పాలి?

నవ్వొచ్చింది నాకు. పరీక్ష హాల్లో, నిజంగానే.
మా నాన్న ఓలేటి లోవరాజు
సఖినేటిపల్లి రేవులో పంటు నడుపుతాడు.
ఇరవై రెండేళ్లుగా, రోజుకి ఎన్నిసార్లో,
పెన్ను ముట్టకుండా ఈ లెక్కే చేస్తున్నాడు.
పాటు మీదుంటే ఐసు ఫ్యాక్టరీ ట్యాంకుకి గురి.
పోటు మీదుంటే చర్చి శిలువకి.
గురిపెట్టిన చోటికి ఏనాడూ పోడు,
నరసాపురం రేవుకే పోతాడు.

అక్కడే ఆగిపోయాను.
గంటకి మూడు కిలోమీటర్లన్నాడు సరే,
సముద్రం ఎటుందో చెప్పలేదు.
నీళ్లు దిగుతున్నాయా, ఎక్కుతున్నాయా?
ఓఎమ్మార్ షీటు మీద
గుర్రపుడెక్క గుత్తి ఒకటి
కిందనుంచి పైకి కొట్టుకొచ్చింది.
గోడ గడియారంలో మూడు నిమిషాలు.
సైన్ తీటా రాయాల్సినచోట టాన్ తీటా రాసి
మూడో గుండ్రాన్ని నల్లగా నింపేశాను.

కీలో రెండోది.
రావాల్సిన నాలుగూ రాలేదు,
వచ్చినవాటిలోంచి ఒకటి పట్టుకుపోయింది.

బయాలజీలో మూడు వందల నలభై ఒకటి.
ఆ కాగితం సుగుణకుమారి మేడం
స్టాఫ్ రూములో అందరికీ చూపించింది.
కెమిస్ట్రీ ఫరవాలేదు.
ఫిజిక్సు యాభై రెండు.
మా కేటగిరీలో ఆఖరి సీటు
నాకు మూడు మార్కుల అవతల ఆగింది.
ఐదు పోగొట్టుకున్నదాన్ని,
మూడు ఎంత దూరమో నాకు తెలుసు.

"బయాలజీ గుమ్మందాకా తెస్తుందమ్మా,
తలుపు తీసేది ఫిజిక్సే" అన్నాడు సారు.
ఏటా ఎవరో ఒకరికి చెబుతాడామాట.
గుండెకి నాలుగు గదులని,
ఏ కవాటం ఎప్పుడు మూసుకుంటుందో
నిద్రలో లేపినా చెబుతాను.
కప్పీ మీంచి జారే దిమ్మె దగ్గరే
నా గుండె తప్పుగా కొట్టుకుంటుంది.

భీమవరం లాంగ్‌టర్మ్‌కి
అమ్మ చీటీ నష్టానికి పాడింది.
ఎండు మెత్తళ్ల బుట్టలో అడుగున
ఆ రసీదు ఇంకా ఉంది, వాసనేస్తూ.

సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి పంటు ఎక్కాను.
ఆరు మోటారుసైకిళ్లు, కొబ్బరి బొండాల ఆటో,
గొడుగు చంకనెట్టుకున్న ఒక ముసలమ్మ.
నాన్న నా మార్కులడగలేదు.
"ఏ పశ్నలో పోయిందే?" అన్నాడు.

చెప్పాను. వెడల్పు, వడి, వేగం, కోణం.
ఇంజను చప్పుడులో ఒకటికి రెండుసార్లు చెప్పాను.
చుక్కాని వదలకుండా విన్నాడు.
నది మా నాన్న కిందనుంచి పోతూనే ఉంది.
"పోటా, పాటా?" అన్నాడు.

"అది ఇవ్వలేదు నాన్నా."

"అయితే అడిగినోడు రేవు దాటలేదన్నమాట."

నవ్వాలనుకున్నాను. గొంతులో ఏదో అడ్డంపడింది.
రేవు దాటనివాడి దగ్గరే ఉంది కదా
నా సీటు.

నాన్న చెప్పింది సరైన జవాబు కాదని నాకు తెలుసు.
ప్రశ్నలో ఇచ్చిందే తీసుకోవాలి,
ఇవ్వనిదాన్ని ఊహించకూడదు.
ఇది కూడా ఒక చదువే.
రాలేదు నాకు.

ముసలమ్మ పక్కకి జరిగి
కొంగుముడి విప్పి మాత్రల అట్ట తీసింది.
"లోవరాజు కూతురివేగా, డాకటేరు చదువుతున్నావంట,
ఇది పొద్దున్నా, రాత్రా?"
అట్ట వెనక పేరు చూశాను. బీపీ మాత్ర.
ఆస్పత్రి చీటీ అడిగాను, మడతల్లోంచి తీసిచ్చింది.
"పొద్దున ఒకటి. తిన్నాక.
కళ్లు తిరిగితే ఆస్పత్రికి వెళ్లు, మానెయ్యకు."
"చల్లగా ఉండు" అంది.
నేను ఇంకా ఏమీ చదవడం లేదని
చెప్పడానికి నోరు రాలేదు.

సంచిలో రెండు దరఖాస్తులున్నాయి.
ఒకటి నర్సింగుకి, ఒకటి మళ్లీ లాంగ్‌టర్మ్‌కి.
సోమవారం గడువు.
రెండింట్లోనూ పేరు మాత్రం నింపాను.

నడి గోదాట్లో నీళ్లు కాసేపు ఎటూ పోలేదు.
నురుగు తెట్టు ఉన్నచోటే గిర్రున తిరిగింది.
ఎవరో బీడీ ముట్టించారు.
నాన్న ఐసు ఫ్యాక్టరీ వైపు చూడటం మానేసి
మెల్లగా
శిలువకి గురి మార్చాడు.