సామాన్ల గేటు

కారు కొంటనని మూడేండ్లు చెప్పి
చిన్న ట్రాలీ కొన్న.
ముంగట రెండు సీట్లు, ఎనుక అంతా ఆకాశం.
బామ్మర్ది సాంబరాజు దాని సుట్టూ ఒక్క తిరుగు తిరిగి
టైరును కాలితోని తన్ని సూసి
"బావా, మనుషులను ఏడ కూసోబెడ్తవ్?" అన్నడు.

అందరు నవ్విన్రు. వినోద ఒక్కతే నవ్వలె.
షాపు లెక్కల బుక్కు ఆమె దగ్గర్నే ఉంటది.
మట్టెవాడల మోటర్ వైండింగు షాపు మాది.
రాగి తీగ నాది, చెమట నాది,
మిగిలేది మాత్రం కిరాయి ఆటోల మూడు టైర్ల మీద
ఎల్లిపోయేది.
కాలిన బోరు మోటరును బస్సుల ఒళ్లె పెట్టుకొని
ఐనవోలు దాకా పోయిన దినాలున్నయి,
పసిపిల్లను టీకాకు తీస్కపోయినట్టు.
కండక్టరు దానికి సగం టికెటు కొట్టిండు.

నంబరు ప్లేటు పసుపుది.
తెల్లది కాదని నాకు జర చిన్నతనమే అనిపిచ్చింది.
"పసుపైతే ఏమాయె?
కొత్త కోడలికి ఎవరన్న సున్నం పూస్తరా?"
అన్నది వినోద.
భద్రకాళి గుడి కాడ నాలుగు నిమ్మకాయలు తొక్కిచ్చి
ఇంటికి తెచ్చినం.
మా గల్లీల లారీ మలగది,
కారు మలిగితే మోరీల పడ్తది.
ఇది మాత్రం
అరుగుకూ కరెంటు స్తంభానికీ నడుమ
మెల్లగ, ఎవ్వరినీ అడగకుండ
జాగ చేసుకున్నది,
నిండిన బస్సుల ముసలమ్మ సీటు సంపాదించినట్టు.

సాంబరాజు చిన్నోని పంచెకట్టు.
భీమారం దిక్కు ఏసీ ఫంక్షన్ హాలు.
ఇస్త్రీ బట్టలేసుకొని పోతే
వాచ్‌మన్ విజిలేసిండు:
"సామాన్ల బండ్లు ఎనుక గేటుకు!"
సామాన్లు కాదన్నా, చుట్టాలం అన్న.
వాడు మునివేళ్ల మీద లేచి తొంగి సూసిండు:
చాప, ఇద్దరు పిల్లలు,
ప్లాస్టికు కుర్చీల మా చిన్నత్త,
మెడల గొలుసు పట్టుకొని, రాణి తీరు.
అయినా నమ్మలె.

ఎనుక గేటు కాడ పొయ్యిల పొగ.
"సిలిండర్లు తెచ్చినవా?" అన్నడు వంట మేస్త్రి యాకయ్య.
అప్పుడే వినోద పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి దిగింది.
యాకయ్య నాలిక కరుచుకొని
గరిటె కడిగి
బగారన్నం మూత తీసిండు.
పంచె కట్టుకున్నోని కంటే ముందు,
ఫొటోగ్రాఫరు కంటే ముందు,
ఉల్లిగడ్డ బస్తాల మీద కూసొని తిన్నం.
ఏసీ లేదు. ముక్క కొదువ లేదు.

రాత్రి పదకొండు.
అన్నం రెండు గుండిగలు మిగిలింది.
ఎంజీఎం దవాఖాన గేటు కాడ
పేషెంట్ల మనుషులు ఫుట్‌పాతుల మీదనే పండుకుంటరు,
ఆడ పంచుదామన్నది చిన్నత్త.
సాంబరాజు కారు డిక్కీ తెరిచి సూసిండు,
గుండిగ దిక్కు సూసిండు,
కొత్త సీటు కవర్ల దిక్కు సూసిండు.
పుట్టి బుద్ధెరిగి మొదటిసారి
ఎనుక గేటుకు వచ్చిండు.
"బావా..." అని ఆగిండు.

మూడు నెలల కిందటి మాట
నా నాలిక చివరికొచ్చింది,
మనుషులను ఏడ కూసోబెడ్తవని.
బగారన్నం ఘాటుతోని కలిపి మింగిన.

గుండిగలు ఒరగకుండ ఎవరో ఒకరు పట్టుకోవాలె.
ఆయనే ఎక్కిండు.
పట్టు లాల్చీ, మోకాళ్ల నడుమ మసి గుండిగ,
మూత మీద రెండు చేతులు.
ములుగు రోడ్డు మీద గతుకు వస్తే
నేను అద్దంల సూసిన.
నోరు తెరుచుకొని మీదికి సూస్తున్నడు,
ఏముందో మరి ఆడ.
నేను జర స్లో చేసిన.
కేబిను మీద అరచేతితోని రెండు దెబ్బలు పడ్డయి,
రైట్, రైట్ అన్నట్టు.
క్లీనర్ల భాష
ఆయనకు ఎవరు నేర్పిన్రో.

ఇంకా ముప్పై ఒక్క కిస్తులున్నయి.
తెల్లారి ఎనుక రేకు కడుగుతుంటే
బోల్టు సందుల ఒక బిర్యానీ ఆకు దొరికింది.
వినోద తీసి వాసన సూసి
డ్యాష్‌బోర్డు మీద, నిమ్మకాయ పక్కన పెట్టింది.