సీ డ్రైవుకి తూర్పు హద్దు

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల వసారాలో నా బల్ల.
పొద్దున్న పదిన్నరకి కంప్యూటరు మొరాయించింది.
సీ డ్రైవులో చోటు లేదంది.
ఎర్ర గీత కంఠం దాకా వచ్చేసింది.
దస్తావేజు ఆగిపోయింది,
"సదరు స్థలమును మనము ఉభయులమును" దగ్గర.

ఆ ఉభయులూ బెంచీ మీదే ఉన్నారు.
వాసంశెట్టి వారి అన్నదమ్ములు, చెరో చివర.
మధ్యలో ఎవరో మర్చిపోయిన గొడుగు.
పద్నాలుగు సెంట్ల కొబ్బరిదొడ్డి పంపకం.

మలికిపురం నుంచి నేలపూడి ఎస్తేరు వచ్చింది,
స్కూటీ మీద, హెల్మెట్టు నిండా చెమటతో.
టెంపరరీ ఫైళ్ళు ఊడ్చింది, చెత్తబుట్ట దులిపింది.
పిడికెడు చోటు దొరికింది.
"కళ్ళం ఊడిస్తే వచ్చే గింజలండి ఇవి. బస్తా నిండదు."

అప్పుడు ఇంకో తెర తెరిచింది.
సర్వేయరు గీసిన పటంలా
డిస్కంతా పొడుగ్గా పడుకుని ఉంది.
ఎడమన సీ, వంద.
కుడిన డీ, మూడువందల అరవై, సగానికి సగం బీడు.

"పక్క చేలో అంతుంది కదమ్మా, గట్టు తెగ్గొట్టెయ్."
"కుదరదండి. ఖాళీ ఉంటే చాలదు,
అది సీని ఆనుకుని ఉండాలి.
డీకి ఆ చివర ఎంత మిగిలినా ఇటు అందదు."

ఆనుకుని.
ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను రాస్తున్న మాట.
ఆనుకున్న భూమికి ధర వేరు, పగ వేరు.

"మరి మధ్యలో ఈ సన్నటి సందేవిటి?"
"రికవరీ అండి. మిషను పడిపోతే లేపేది అదే.
దాన్ని చివరికి జరపాలి, చెరపకూడదు."
మా ఊరి పుంత గుర్తొచ్చింది.
ఏడాదంతా ముళ్ళకంపే,
శవం లేచిన రోజున మాత్రం అందరికీ కావాలి.

డీ ఖాళీ చెయ్యాలంది.
లోపల "లంక" అని ఒక ఫోల్డరు.
"పన్నెండేళ్ళ నాటివండి, తీసెయ్యనా?"

తీసి చూపించాను.
తూర్పు: గోదావరి. ఉత్తరం: గోదావరి.
రాసిన ఏడాదే ఆ తూర్పు హద్దు
ఇరవై గజాలు లోపలికొచ్చింది,
ఆ తర్వాత మరి ఆగలేదు.
ఆ సర్వే నంబర్ల మీద ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి.
అయినా ఒక పెద్దాయన ఏటా వచ్చి
నకలు తీయించుకుని జేబులో పెట్టుకుంటాడు.
"ఏటికి మేం రిజిస్ట్రీ చెయ్యలేదు కదండి" అంటాడు.

ఎస్తేరు మరేం అడగలేదు.
సంచిలోంచి వేరే డిస్కు తీసి తగిలించింది.
రెండు గంటలంది తెర. కాసేపటికి నాలుగంది. మళ్ళీ ఒకటంది.
మే నెల, కాలువలు కట్టేసిన ఎండ,
కరెంటు మాట దేవుడికి తెలియాలి.
జిరాక్సు కొట్టు ఇన్వర్టరు నుంచి వైరు లాగాం.
ప్లగ్గు వదులు.
పెద్దోడు లేచి బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.
చెయ్యి పీకాక చిన్నోడు మారాడు.
మాటల్లేవు.

డీ పోయింది.
నీలం గీత ఉన్నచోట నల్లటి గీత.
ఎవరి పేరా లేని నేలట.
అలాంటిది బయట ఒక్కసారే చూశాను,
వరద తీశాక ఏరు వేసిన మేట.
తెల్లారేసరికి దాని మీద మూడు కంచెలు.

రికవరీ చివరికి నడిచింది.
సీ జరిగింది, నూరు రెండొందలైంది.
గొలుసు లేదు, సర్వేయరు లేడు,
ఎవరి అమ్మనూ ఎవరూ తిట్టలేదు.
మిగిలినదానికి మళ్ళీ డీ అని పేరు పెట్టి,
లంకని తెచ్చి అందులో దింపింది.

ఆరొందలు తీసుకుని హెల్మెట్టు పెట్టుకుంటూ
బెంచీ వైపు తిరిగింది.
"మీ దాంట్లో మధ్యన సందొదిలారాండి?"

అన్నదమ్ములు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు.
"మూడడుగులు రాయండి గురువుగారూ" అన్నాడు పెద్దోడు.
"నాలుగు" అన్నాడు చిన్నోడు.

ఎవరి వైపు నుంచి అన్నది ఇంకా తేలలేదు.
ప్రింటరు వేడెక్కి కూర్చుంది.