మూఢంలో మూడు ఊళ్లు

యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చారు.
కాటాలకి గుడ్డలు కప్పి, గోతాలు మడతేసి
పదకొండు నెలల తుమ్ముని ముక్కులోనే దాచుకుని
నలుగురం బయల్దేరాం:
తూకాలు రాసే నేను,
కమీషన్ కొట్టు గుమస్తా సాల్మన్ బాబు,
బస్తాలు కుట్టే మస్తాన్ వలి,
ఇంట్లో శ్రీశైలం అని చెప్పొచ్చిన పిచ్చయ్య.

రేపల్లె పాసింజరే మా విమానం.
కిటికీ సీటు కోసం
యాభై దాటిన మనుషులం తువ్వాళ్లు విసిరాం.
వేజెండ్ల రాకముందే పులిహోర అయిపోయింది.

తెనాలిలో కాలవగట్టు వెంట నడిచి నడిచి
ఒక బారులో దూరాం.
మిట్టమధ్యాహ్నం లోపల రాత్రి.
గోడమీద జలపాతం బొమ్మ, దానిమీద బల్లి,
నీళ్లకి ఎదురీదుతున్నట్టు.
సర్వరు ఏం కావాలని అడగలేదు,
ఏ ఊరని అడిగాడు.
గుంటూరనేసరికి ఉల్లిముక్కల మీద
కారం రెండు చెంచాలు ఎక్కువ చల్లి తెచ్చాడు,
మర్యాదనుకున్నాడు పాపం.
"ఏడాదంతా అదేనయ్యా,
ఇవాళొక్కరోజు చప్పిడి పెట్టు" అన్నాడు సాల్మన్ బాబు.

మస్తాన్ వలి తాగడు.
నిమ్మసోడా ముందు పెట్టుకుని
మా మాటలు ఎక్కడ వదులైతే అక్కడ
ఒక కుట్టు వేస్తుంటాడు.
డబ్బు సంచీ తనదగ్గరే.
ఒకే కథ ఎవరు ఎన్నిసార్లు చెప్పారో
ఆ లెక్కా తనదగ్గరే.

వేమూరులో చూడ్డానికేం లేదని
పెట్టెలో అందరూ చెప్పారు.
నిజంగానే ఏం లేదు.
ఆ ఏం లేకపోవడాన్ని రెండు గంటలు చూశాం.
సోడాబండి, గోలీ దిగిన చప్పుడు,
ఆ చప్పుడికి లేచి మళ్లీ పడుకున్న కుక్క.
"శ్రీశైలం బాగుందిరా" అన్నాడు పిచ్చయ్య.

భట్టిప్రోలులో స్తూపం చూద్దామని దిగి
తాటితోపు చూశాం.
కల్లుపాకలో కొలిచిపోసే ఆవిడ నాంచారమ్మ.
ముంత వంచితే నురగ అంచుదాకా వచ్చి
ఆవిడ చూపుకి ఆగిపోతుంది.
"పొద్దున తీపి, ఇప్పుడు పులుపు,
ఇంకాసేపుంటే నేను పూచీ కాదు, కానీండి."
మస్తాన్ వలికి ముంజెలు కొట్టి తాటాకులో పెట్టి
"నువ్వు పొద్దుటి మనిషివి నాయనా" అంది.

మూలన ఒకాయన, మోకాళ్లమీద నల్లపెట్టె.
పెళ్లిబ్యాండులో క్లారినెట్టట.
మూఢం వచ్చింది, ముహూర్తాల్లేవు.
"నాకూ సెలవే, దీనికీ సెలవే" అంటూనే
పెట్టె తెరిచాడు.

ఊరేగింపు లేదు, జనరేటరు లైట్లు లేవు,
గుర్రమెక్కి చెమటలు కక్కే పెళ్లికొడుకు లేడు.
ఎవరి ముందూ నడవక్కర్లేని పాట
కాళ్లు చాపుకుని కూర్చుంది.
వీధి వీధంతా అరిచే ఆ బూర
ఇంత మెల్లగా మాట్లాడుతుందని
ఇన్నేళ్లొచ్చినా నాకు తెలీదు.
చర్చిలో వెనకవరసలో పెదాలు మాత్రం కదిపే సాల్మన్ బాబు
గొంతు విప్పాడు.
ఎవరో ముంతమీద తాళం వేశారు.
పిచ్చయ్య ఏడ్చాడు.
ఎందుకో చెప్పలేదు, మేం అడగలేదు.
మస్తాన్ వలి ఒలిచిన ముంజె ఒకటి
వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

ఆఖరి బండి వెళ్తున్న చప్పుడు
పాట మధ్యలో విన్నాం.
ఎవరూ లేవలేదు.

ప్లాట్‌ఫారం మీద నలుగురం వరసగా,
లారీ దింపిన బస్తాల్లా.
"రేపల్లె చూడనే లేదు."
"వచ్చే మూఢానికి."
ఆ తర్వాత దోమలే మాట్లాడాయి.

తెల్లారి గుంటూరులో దిగాం.
గాలి కోల్డ్ స్టోరేజీల వైపు నుంచి తిరిగింది.
ముందు సాల్మన్ బాబు తుమ్మాడు,
తర్వాత నేను, తర్వాత ఇద్దరూ ఒకేసారి.
ఊరొచ్చిందిరా అనుకున్నాం, ముక్కులు తుడుచుకుంటూ.

సంచీలో నలభై మూడు రూపాయలు మిగిలాయి.
స్టేషను బయట స్వీటుకొట్టులో
మస్తాన్ వలి రెండు లడ్లు కట్టించి
పిచ్చయ్య చేతికిచ్చాడు, "శ్రీశైలం ప్రసాదం" అని.
మేం పగలబడి నవ్వాం.

వాడు మాత్రం
నిజంగానే కళ్లకద్దుకున్నాడు.