నలభయ్యొకటో పేజీ

డెన్జిల్ పోయినంక
రువీల ఆయన పేరు మీద పుస్తకమేస్తమన్నరు.
పిడుగని రాసిండ్రు, ఇసుక తుఫానన్నరు,
ఒకాయనైతే మూడు పేజీలు ఏడ్చిండు.

నన్నూ రాయమన్నరు. ఏసీ మెకానిక్‌ను,
రాక్ పాటల ఒక్క ముక్క తెల్వదు నాకు.
తెలిసింది రాసిన:

జూన్ నెల. కంప్రెసర్ గుర్రుమంటున్నది.
స్క్రూలు ఇప్పబోతే చెయ్యి పట్టుకున్నడు.
"ఆగు పోశెట్టీ, అది నా లావు తీగె గొంతు."
గిటార్ చెవి మెలేసి
ఆ గుర్రుకు కలిపిండు.
చెమటల నానుకుంట ఇద్దరం
పొద్దుగూకేదాక విన్నం.

అచ్చేసిండ్రు, ఇద్దరు ప్రొఫెసర్ల నడుమ.
ఒత్తు ఎగిరిపోయి పోశెటినైన.

బాగుచెయ్యని ఆ ఏసీకి
విజిట్ ఛార్జీ మూడు రియాళ్లు
ఇంకా రావాలె.
అది మాత్రం రాయలే.