ఫింజాన్ ఊపితే చాలని

సూర్ పట్టణ కౌన్సిల్ భవనంలో
నన్ను రాజు అంటారు.
రాజలింగు నోరు తిరగక సగానికి తుంచేశారు.
ఎడమచేత ఇత్తడి దల్లా, కుడిచేత ఫింజాన్ల దొంతర,
రాజునై ఉండి ఈ హాల్లో
కుర్చీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఇవాళ ఎజెండాలో మూడో అంశం:
సముద్రం వైపున్న కమ్యూనిటీ కాలేజీకి
ఆరు గదులు, ఒక వర్క్‌షాపు.
పదకొండేళ్లలో ఏరుకున్న అరబ్బీ నాది,
తిట్లు ముందొచ్చాయి, అంకెలు తర్వాత,
వ్యాకరణం ఇంకా దారిలో ఉంది.
అయినా మాఫీ ఫులూస్ అర్థం కావడానికి
వ్యాకరణమెందుకు?
డబ్బుల్లేవన్న మాట ఏ భాషలోనైనా
గొంతు సవరించుకునే వస్తుంది.

లెక్కల అధికారి హమూద్
తెర మీద చమురు ధర చూపించాడు.
ఎర్రగీత, తాడు తెగిన చేదలా దిగింది.
కార్నిష్ రాళ్లకు టెండర్ అయిపోయింది, ఆపలేమన్నాడొకాయన.
వీధి దీపాలు ముందు చూడండన్నాడు ఇంకొకాయన.
ఇద్దరికీ కహ్వా పోశాను.
ఇద్దరూ ఒక్క గుక్కలో తాగి
ఫింజాన్ అటూ ఇటూ ఊపి ఇచ్చారు.
అట్లా ఊపితే చాలని ఇక్కడ.
ఊపనంతసేపూ పోస్తూనే ఉండాలి.

ముసలి ఖల్ఫాన్ లేచాడు, ఓడలు కట్టిన ఇంటివాడు.
"టేకు దొరకని ఏడు కూడా మా తాత
వెన్నుదూలం ఒక్కటైనా వేసి ఉంచేవాడు.
దుంగలొచ్చిన రోజుకి
చేతులకి పని గుర్తుండాలి కదా."
ఓడలిప్పుడెవరు కొంటారు మామా అని ఎవరో,
అందరూ నవ్వారు.
నేనూ నవ్వబోయి ఆపుకున్నాను.
ట్రే మోసేవాడి నవ్వు మినిట్స్‌లోకి ఎక్కదు గానీ
మేనేజరు చెవికి ఎక్కుతుంది.

అప్పుడు మౌజా. చేతిలో కాగితం లేదు.
"నిరుడు దరఖాస్తులు నాలుగు వందలు.
తీసుకున్నది నూట ఇరవై మందిని.
మిగిలిన పిల్లలు ఏ రాయి మీద కూర్చోవాలో
మీ కార్నిష్ టెండర్లో రాశారా?"

కాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.

ఆ మిగిలిన పిల్లల్లో నేను లేను.
నాది వేరే జాబితా.
సాయంత్రం ఏసీ మెకానిక్ కోర్సు,
ఊరి పిల్లలకు పోగా మిగిలిన సీట్లు
మాలాంటి బయటివాళ్లకి.
నలభై ఒకటో పేరు.
అక్కడ మాత్రం తుంచలేదు,
రాజలింగు అని నిండుగా రాశారు.
ఆరు గదులైతే నీదాకా వస్తుందని
గుమాస్తా సలీమా వేళ్లు మడిచి చెప్పింది.

నా చెయ్యి ఎప్పుడూ తొణకదు.
ఇవాళొక బొట్టు బడ్జెట్ పుస్తకం మీద పడింది.
తుడుస్తూ పేజీ చూశాను:
ఆతిథ్యం. యాలకులు, ఖర్జూరాలు, కుంకుమపువ్వు.
సగం కోత.
నా దల్లా కూడా లోటులో ఉందన్నమాట.

గంటంపావుకి తీర్మానం వచ్చింది.
ఇప్పటికి రెండు గదులు.
వర్క్‌షాపు వచ్చే ఏడు చూద్దాం.
ఏసీలు ఆపై ఏడు.
ఏసీ నేర్పే గదికి ఏసీ లేదు.
ఎవరూ నవ్వలేదు, నాకొక్కడికే తట్టిందేమో.
జూన్ నెలలో ఆ గదిలో కూర్చున్నవాడికి
మొదటి పాఠం మాస్టారు చెప్పనక్కర్లేదు.

ఏడు చేతులు లేచాయి, నాలుగు లేవలేదు.
రెండు గదుల్లో నలభై ఒకటి పడుతుందా అని
సలీమాను అడగలేదు.
ఆమె వేళ్లకు ఒక్కరోజు సెలవిద్దామనుకున్నాను.

ఫింజాన్లన్నీ ఊగి ఊగి ట్రేలోకి చేరాయి.
మౌజాది ఒక్కటి మిగిలింది.
పోశాను. తాగింది. చెయ్యి చాచే ఉంది.
మళ్లీ పోశాను.
మూడోది కూడా.
మూడు దాటితే బాగుండదంటారు ఇక్కడ.
నాలుగోది వంచుతుంటే
దల్లా అడుగు మాట్లాడింది,
సగం ఫింజాన్ కూడా నిండలేదు.
ఆమె ఊపలేదు. నా వైపు చూడనూ లేదు.
హమూద్ మూసిన పుస్తకాన్నే చూస్తోంది.

వంటగదిలోకి నడిచి
మళ్లీ నీళ్లు పెట్టాను.
యాలకులు కొంచెం ఎక్కువే దంచాను.