మూడో చరణంలో తప్పు

నిద్ర ఎదురుగా రాదు.
పక్క సీట్లో ఎప్పుడెక్కి కూర్చుంటుందో
తలుపు చప్పుడైనా వినపడదు.

గోబీ ఎడారిలో రాత్రి రెండు గంటలు.
నా వెనక తొంభై టన్నుల బొగ్గు.
నా ముందు చైనా సరిహద్దు దాకా
లారీల ఎర్రదీపాలు.
అద్దం దించితే చలికి చెవులు రాలిపోతాయి,
దించకపోతే రెప్పలు వాలిపోతాయి.

కొత్త కుర్రాళ్ళు
క్యాబిన్ అదిరిపోయే పాటలు పెడతారు.
అవి పనిచేసేది అరగంటే.
ఆ తర్వాత ఆ దరువూ
ఇంజన్ హోరులో కలిసిపోయి
మెల్లగా ఊయల ఊపుతుంది.

తియ్యటి గొంతులు మరీ ప్రమాదం.
పోయిన శీతాకాలం సంబూ
గుర్రాల మీద పాడే ఆ పాత దీర్ఘగానం వింటూ వింటూ
రోడ్డు దిగి ఇసకలోకి వెళ్ళిపోయాడు.
మేం పరుగెత్తుకెళ్ళేసరికి
సంబూకి పెదవి చిట్లింది, అంతే.
పాట మాత్రం ఇంకా
ఏమీ ఎరగనట్టు సాగుతోంది.

నా మందు వేరు.

యొందోన్ అని,
పదకొండేళ్ళు ఈ స్టీరింగుని
నాతో వంతులేసుకుని పట్టుకున్నవాడు.
గొంతా అది!
పిల్లని దగ్గరికి రానివ్వని ఒంటె గొంతు.
ఒకరాత్రి నవ్వుకోడానికని
నా ఫోన్లో పట్టి దాచాను.
మొదటి చరణం ఎలాగో దాటేస్తాడు,
రెండోది ఈడుస్తాడు,
మూడోదాంట్లో "కొండ" అన్న మాట దగ్గర
గొంతు పైకెక్కాలి కదా,
ఎక్కదు.
జారుతుంది. దగ్గుతాడు.
"ఆగు డుల్మా, ఆగు" అని మళ్ళీ మొదలెట్టి
మళ్ళీ సరిగ్గా అక్కడే జారతాడు.

ఎన్ని వందలసార్లు విన్నానో,
ఆ కొండ దగ్గరికొచ్చేసరికి
ఒళ్ళంతా చెవులవుతుంది.
ఈసారైనా ఎక్కుతాడేమోనని
నేనే సీట్లో కాస్త ముందుకి జరుగుతాను,
కాలు అనుకోకుండా క్లచ్ వెతుక్కుంటుంది.
ఆ పడిపోయే స్వరాన్ని
కింద పడకుండా పట్టుకోడానికి
మనిషి మెలకువగా ఉండక తప్పదు.

మోకాళ్ళు పోయి ఇప్పుడు యొందోన్
దలాంజద్‌గాద్‌లో ఓ పిల్లలబడికి కాపలా.
మొన్న ఫోన్ చేశాడు.
బడిలో పాటల టీచరమ్మ నేర్పిందట,
ఆ కొండ ఎక్కడం వచ్చేసిందట.
"ఇప్పుడు తప్పుల్లేకుండా పాడి పంపనా?"

"నన్ను చంపుతావా ఏంటి" అన్నాను.

చాలాసేపు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

ముందున్న లారీ రెండు బారలు కదిలింది.
గేరు వేశాను.
రెండో చరణం అయిపోవస్తోంది.