శుక్రారం గోర్లు

శుక్రారం గోర్లు తీస్తే లచ్చిమి పోతదని
మా అమ్మమ్మ బ్లేడు చూర్ల దాచిపెట్టేది.
దోహా సనయ్యల మాకు
శుక్రారమొక్కటే సెలవు.
లచ్చిమి ఎట్లాగూ నెలనెలా
ఎక్స్‌ఛేంజి కౌంటరుకెళ్లి పోతనే ఉంది.

బకెట్ బోర్లేసుకొని
నీళ్ల ట్యాంకు నీడల కూసుంట.
ముందుగాల చిటికెన వేలు.
దానికి ఎవ్వలు పని చెప్పరు.
అయినా రాడ్లకు తీగ చుట్టంగ చుట్టంగ
పక్కవేళ్లతోని వంగి
అదీ వంకరపోయింది.
"నువ్వెందుకే?" అని అడుగుత.

కుడిచేతి బొటనవేలు కాడ ఆగుత.
సిమెంటు దీని గీతలన్నీ నాకేసింది.
గేటు కాడి పంచింగ్ మిషను గుర్తువట్టది:
మూడుసార్లు ఎర్రలైటు,
నాలుగోసారి ఫోర్‌మన్ తిట్టు.
నేను గుర్తువట్టిన.
పలక మీద తప్పును ఉమ్మితోని తుడిచింది ఇదే.
బిడ్డ పుట్టినంక
దాని అరికాలు కింద వెట్టి కొలిచింది ఇదే.

గోరు నడుమ నల్లమచ్చ,
రంజాన్ నెలల రాడ్డు పడ్డప్పటిది.
వారానికో నువ్వుగింజంత పైకి జరుగుతుంది.
నేను జరుగమనలే. మందు వెయ్యలే.
డ్యూటీల ఉన్నా,
బంకు మీద సచ్చినట్టు పన్నా
లోపట ఎవలో నా కొరకు ఓవర్‌టైం చేస్తుండ్రు,
టైంషీటు లేకుండ.

ఇయ్యాల మచ్చ కొసకొచ్చింది.
కట్టర్ ఆనించి, నొక్కకుండ ఆగిన.
నాలుగు నెలల సంది నాతోని ఉన్నది.
జనరేటర్ మోతల గూడ
వేలికొసల గుండె కొట్టుకునుడు తెలిసింది.

టక్కుమన్నది.
చిన్న నల్ల నెలవంక ఇసుకల వడ్డది.

"బాత్రూం ఖాళైంది, రా!" అని మొండయ్య కేకేసిండు.
"వస్తున్నం" అన్న.
ఇంకెవలని
తలుపు కాడికొచ్చి నా ఎన్క తొంగిచూసిండు.